ఉతుకుడుకు నిలిచే డోర్‌మ్యాట్

క్రోషెతో డోర్‌మ్యాట్ అల్లడానికి కూర్చునే ముందు మూడు సంగతులు చూసుకోవాలి: అది ఇంట్లో ఏ గుమ్మం దగ్గర పడుతుంది, దాన్ని ఎవరు ఉతుకుతారు, ఎక్కడ ఆరేస్తారు. రంగులూ డిజైన్లూ ఆ తర్వాతి మాట. ఫోన్లో ఫొటో చూసి ముచ్చటపడి, రంగురంగుల ఊలు ఉండలు కొని, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రుళ్లు కూర్చుని అల్లిన మ్యాట్లు ఎన్నో ఇళ్లలో అటకెక్కాయి. వేసిన వారానికే నల్లబడ్డాయి, ఉతికితే సాగిపోయాయి, వానాకాలంలో ఆరక ముక్కవాసన వేశాయి. అందులో అల్లిన చేతి తప్పేమీ లేదు. గుడ్డ ఎంపికలోనో, అల్లిక బిగువులోనో, కొసలు దాచడంలోనో తేడా వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ రోజుకు ముప్పావు గంటో గంటో మిగుల్చుకునే మనిషికి ఆ సమయం చాలా విలువైనది. అది ఖర్చు పెట్టి అల్లే వస్తువు ఏళ్ల తరబడి ఉతుక్కుని వాడుకునేలా ఉండాలి. అల్లి అమ్ముదామనుకునే వారికైతే ఇది మరీ ముఖ్యం.

మన ఇళ్లలో చెప్పులు బయటే వదిలేస్తాం. అందుకని లోపలి మ్యాట్‌కు బూట్ల బురద గీకే పని ఉండదు. తడి కాళ్ల నీళ్లు పీల్చుకోవడం, పాదాలకంటిన సన్నటి దుమ్ము పట్టుకోవడం దాని పని. బురద గీకడానికి గడప బయట కొబ్బరిపీచు మ్యాట్‌ను మించింది లేదు. ఆ చోట క్రోషె మ్యాట్ వేసి పాడుచేసుకోవద్దు. బాత్రూం గుమ్మం, వంటింట్లో సింకు ముందు, పడకగది గుమ్మం, వీధి గడపకు లోపలి పక్క దీనికి సరైన చోట్లు. గడప దగ్గర వేసేటట్లయితే గడపకు రాసిన పసుపు మ్యాట్ అంచుకు అంటుకుంటుంది. ఆ మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, చూసి కంగారు పడనక్కర్లేదు. జాడించి, తడి మీదే మంచి ఎండలో వేస్తే చాలావరకు వెలిసిపోతుంది. పసుపు రంగు ఎండకు నిలవదు.

పాత గుడ్డను కాళ్ల కిందకు మార్చుకోవడం మనకు కొత్త కాదు. గోనెసంచి మడిచి గుమ్మం ముందు వేసేవాళ్లు. మెత్తబడిన చీరలు పొరలు పొరలుగా పెట్టి బొంత కుట్టేవాళ్లు. గోనెపట్టా బురద బాగానే పట్టేది గానీ జనపనార తడి తగులుతూ ఉంటే తొందరగా చివికిపోతుంది. బొంత పొరల మధ్య నీళ్లు నిలిచి ఎంతకీ ఆరవు. పాత గుడ్డ పీలికలతో అల్లిన క్రోషె మ్యాట్‌లో కుట్టుకూ కుట్టుకూ మధ్య సందు ఉంటుంది, ఆ సందుల్లో గాలి ఆడుతుంది. అందుకే అంతే బరువున్న బొంత కన్నా ఇది ముందు ఆరుతుంది.

ఇక గుడ్డ సంగతి. ఈ పనిలో సగం విజయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. నూలు గుడ్డ నీళ్లు పీలుస్తుంది, పైగా నూలు పోగు తడిసినప్పుడు ఇంకా గట్టిపడుతుంది. ఉతుకుడుకు నిలవడానికి ఇంతకంటే మంచి గుణం ఏం కావాలి? దుకాణాల్లో ఊలు పేరుతో దొరికేది చాలావరకు యాక్రిలిక్. అది నీళ్లు పెద్దగా పీల్చదు, నున్నటి టైల్స్ మీద జారుతుంది, ఇస్త్రీ పెట్టె వేడి తగిలితే బిగువు పోయి వేలాడిపోతుంది. శాలువాలకూ పిల్లల టోపీలకూ అది వాడండి, కాళ్ల కిందకు వద్దు. పాలిస్టర్ చీరలదీ అదే దారి, తొందరగా ఆరతాయి గానీ పాదం తడి పాదం మీదే ఉంటుంది. అందుకని నా ఓటు పాత నూలు బట్టలకే: టీషర్టులు, బనియన్ గుడ్డ, నైటీలు, లుంగీలు, వాయిల్ చీరలు, దుప్పట్లు. డబ్బు ఆదా ఒక్కటే దీనికి కారణం కాదు. పాత గుడ్డ ఇప్పటికే ఎన్నోసార్లు నీళ్లలో నలిగింది, కుదించుకుపోవాల్సినంతా కుదించుకుపోయింది, దిగాల్సిన రంగు దిగిపోయింది. కొత్త గుడ్డతో అల్లిన మ్యాట్ మొదటి ఉతుకులో చేసే అల్లరి పాత గుడ్డ చేయదు. కొత్తది కొనాల్సి వస్తే కత్తిరించక ముందే ఒకసారి ఉతికి ఆరేసి, గంజి ఉంటే పూర్తిగా పోగొట్టాలి.

గుడ్డ నూలుదో కాదో తెలియకపోతే దాని మీద ఒక నీటి బొట్టు వేయండి. చటుక్కున ఇంకిపోతే పనికొస్తుంది, ముత్యంలా నిలబడి ఉంటే పక్కన పెట్టండి. ఇంకా అనుమానం ఉంటే ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. రంగు సంగతి తేల్చుకోవడానికి తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. ఎరుపు, ముదురు నీలం, మెరూన్ రంగులు ఏళ్ల తర్వాత కూడా దిగుతుంటాయి. తెల్ల టైల్స్ మీద తడి మ్యాట్ ఒక రాత్రి ఉంటే ఆ మరక వదిలించడం మ్యాట్ అల్లడం కన్నా కష్టం. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ అంటారు, దాన్ని నమ్ముకోకండి. నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకడమే నమ్మదగిన మార్గం.

లెగ్గింగులు కలపకండి. వాటిలోని సాగే దారం మ్యాట్‌ను అలలు అలలుగా లేపేస్తుంది. టీషర్టు గుండె మీద రబ్బరు ప్రింటు ఉంటే ఆ భాగం వదిలేయండి. చీర జరీ అంచు కత్తిరించి పక్కన పెట్టండి, అది సూదికి తగులుకుంటుంది, పాదానికి గుచ్చుకుంటుంది. చీర కింది అంచు, ఫాల్ కుట్టిన చోటు, బాగా అరిగి ఉంటుంది. బొటనవేలితో నొక్కి లాగితే చిరిగిపోయే గుడ్డను ఎంత బిగించి అల్లినా నిలవదు. ఇంకో మాట: బనియన్ గుడ్డనూ నేత గుడ్డనూ ఒకే మ్యాట్‌లో కలపడం నాకు ఇష్టం లేదు. ఒకటి సాగుతుంది, ఒకటి సాగదు. పది ఉతుకులయ్యేసరికి మ్యాట్ ఆకారం వంకర తిరుగుతుంది.

ఎంత గుడ్డ పడుతుంది? 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మామూలు మ్యాట్‌కు, అంగుళం వెడల్పు బనియన్ గుడ్డ పీలికలైతే, సుమారు 120 మీటర్లు కావాలి.  పెద్దవాళ్ల టీషర్టు చంక కింది నుంచి అంచు దాకా 45 సెంటీమీటర్లు, చుట్టుకొలత మీటరు అనుకుంటే, అంగుళానికి ఒక చుట్టు చొప్పున 18 మీటర్ల పీలిక వస్తుంది. అంటే ఆరేడు టీషర్టులు. వాయిల్ చీరైతే 5.5 మీటర్ల పొడవు, 46 అంగుళాల పన్నాలో రెండంగుళాల పీలికలు 23 వస్తాయి, మొత్తం 126 మీటర్లు. మీటర్లు సరిపోయినట్టే కనిపించినా వాయిల్ పలచన కాబట్టి మ్యాట్ చిన్నదవుతుంది. ఇదే కొలత మ్యాట్‌కు రెండు చీరలు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టడం మంచిది. సగంలో రంగు అయిపోతే ఆ రంగే మళ్లీ దొరకదు.

టీషర్టును ముక్కలు ముక్కలుగా కోస్తే అన్నీ ముడులే అవుతాయి. ఒకే పొడవాటి పీలికగా వచ్చేలా కోయాలి. కింది మడత కుట్టు కత్తిరించేయండి. చంకల కింద అడ్డంగా ఒకే కోత కోస్తే గొట్టంలాంటి ముక్క మిగులుతుంది. దాన్ని బల్ల మీద పరిచి, ఒక పక్క అంచును రెండో పక్క అంచు దాకా తీసుకెళ్లకుండా నాలుగు వేళ్ల మేర ఎడం ఉంచి మడవండి. మడత వైపు నుంచి అంగుళానికొకటి చొప్పున కోసుకుంటూ వెళ్లి, ఆ నాలుగు వేళ్ల ఎడంలోకి కొంచెం వెళ్లాక ఆపండి. ఇప్పుడు మడత విప్పితే ఒక పక్క వెన్నెముకలా కోయని భాగం, దానికి ఇటూ అటూ చీలికలు కనబడతాయి. మొదటి కోతను ఎదురుగా ఉన్న కోతకు కాకుండా దాని తర్వాతి కోతకు ఏటవాలుగా కలపండి. అలా చివరిదాకా కలుపుతూ పోతే మొత్తం ఒకే దారంగా ఊడి వస్తుంది. పీలికను రెండు చేతులతో గట్టిగా లాగితే అంచులు లోపలికి చుట్టుకుని తాడులా అవుతుంది. ఉండ చుట్టుకునే ముందు మొత్తం పీలికను ఇలా లాగేయాలి; లేకపోతే ఆ సాగుడంతా తర్వాత మ్యాట్‌లో కనిపిస్తుంది. పక్క కుట్లున్న టీషర్టుకు ఈ పద్ధతి అంత బాగుండదు, కుట్టు దగ్గర ముడి ముడిగా తేలుతుంది. చీరకు ఇంత తంటా లేదు. కొంగు వైపు కత్తెరతో చిన్న గాటు పెట్టి నిలువునా చింపితే నూలు చీర తిన్నగా చిరుగుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, వరండాలో కూర్చుని చింపండి, నూలు దుమ్ము ఇల్లంతా లేస్తుంది.

పీలికలు కలపడానికి ముడి వేయకండి. ముడి పాదానికి తగులుతుంది, ఉతికినప్పుడు ఊడుతుంది. రెండు కొసలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి సూదీ దారంతో నాలుగు కుట్లు వేయడం అన్నిటికన్నా గట్టి పద్ధతి. ఓపిక లేకపోతే రెండు కొసల్లోనూ అర అంగుళం గాటు పెట్టి, ఒక గాటును రెండో దాని మీద పెట్టి, కొత్త పీలిక రెండో కొసను కింది నుంచి రెండు గాట్లలోకీ దూర్చి లాగాలి. బిగిసి కూర్చుంటుంది, అల్లికలో కలిసిపోతుంది.

బనియన్ గుడ్డ పీలికకు 9 లేదా 10 మిల్లీమీటర్ల క్రోషె సూది, చీర పీలికకు 8 మిల్లీమీటర్లది సరిపోతుంది. లేసు అల్లే సన్నటి ఉక్కు సూదులు దీనికి పనికిరావు. చెక్కదో అల్యూమినియందో తీసుకోండి. చవకరకం ప్లాస్టిక్ సూది ఈ బిగువుకు మెడ దగ్గర విరుగుతుంది. సూది మీద ముద్రించిన నంబరు మిల్లీమీటర్లలో ఉందో లేదో చూసి కొనండి.

అల్లిక విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: డోర్‌మ్యాట్‌కు సింగిల్ క్రోషె తప్ప వేరే కుట్టు వద్దు. బొక్కలున్న డిజైన్లు, జల్లెడ పూలు చూడ్డానికి బాగుంటాయి గానీ కాలి మెట్టెలు వాటిలో తగులుకుంటాయి, పట్టీల మువ్వలు ఇరుక్కుంటాయి. చుట్టూ కుచ్చులు వేస్తే చీపురుకు చుట్టుకుంటాయి. సింగిల్ క్రోషె దిట్టంగా ఉంటుంది, రెండు పక్కలా ఒకేలా కనిపిస్తుంది, అందుకని మ్యాట్‌ను తిరగేసి వాడుకోవచ్చు. వీడియోలు చూసి నేర్చుకునేవారు ఒకటి గమనించాలి. బ్రిటిష్ పద్ధతిలో చెప్పేవాళ్లు ఇదే కుట్టును డబుల్ క్రోషె అంటారు. ఎవరు ఏ పద్ధతిలో చెబుతున్నారో చూసుకోకపోతే మ్యాట్ రెట్టింపు ఎత్తుతో వదులుగా తయారవుతుంది.

నీట దిగకుండా లోతు తెలియదు కాబట్టి ముందు పది కుట్లతో చిన్న ముక్క అల్లి కొలవండి. 10 సెంటీమీటర్లలో ఏడు లేక ఎనిమిది కుట్లు పడితే బిగువు సరిగ్గా ఉన్నట్టు. ఆరే పడితే వదులు, సూది సైజు తగ్గించండి. 60 సెంటీమీటర్ల పొడవుకు సుమారు 45 కుట్లు కావాలి. 46 చైన్లు వేసి, సూది నుంచి రెండో చైన్‌లో మొదటి సింగిల్ క్రోషె మొదలుపెట్టి, చివరిదాకా వెళ్లి, ఒక చైన్ వేసి తిరగాలి. ఇలా ముప్పై వరసలు దాటేసరికి 40 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. చైన్లు కాస్త వదులుగా వేయండి, బిగిస్తే మొదటి అంచు ముడుచుకుపోతుంది. కొత్తవాళ్ల మ్యాట్ పైకి పోయేకొద్దీ సన్నబడడానికి కారణం ఒక్కటే, వరస చివరి కుట్టు కనబడక వదిలేయడం. ప్రతి వరసా లెక్కపెట్టుకోవాలి. టీవీ చూస్తూ అల్లేవాళ్లు మొదటి కుట్టుకూ చివరి కుట్టుకూ వేరే రంగు దారం ముక్క గుర్తుగా కట్టుకుంటే చాలు. అంతా అయ్యాక చుట్టూ ఒక వరస సింగిల్ క్రోషె వేసి, మూలల్లో ఒకే చోట మూడు కుట్లు వేస్తే అంచు గట్టిపడుతుంది.

కోలగా కావాలంటే పొడవులోంచి వెడల్పు తీసేసి మిగిలినంత పొడవు చైన్ వేయాలి. 60కి 40 మ్యాట్ అయితే 20 సెంటీమీటర్ల చైన్ అన్నమాట. దాని చుట్టూ తిరుగుతూ, రెండు కొసల దగ్గరా ఒక్కో చుట్టుకు మూడేసి కుట్లు పెంచుకుంటూ పోవాలి. గుండ్రంగా అయితే ఆరు కుట్లతో మొదలుపెట్టి చుట్టుకు ఆరు చొప్పున పెంచాలి: 6, 12, 18, 24 అలా. అంచు అలలుగా లేస్తే కుట్లు ఎక్కువ పెంచారని, గిన్నెలా లోపలికి ముడుచుకుంటే తక్కువ పెంచారని అర్థం. ఆ తేడా కనబడిన చుట్టులోనే విప్పి సరిచేయాలి, ఉతికితే సర్దుకుంటుందని వదిలేయవద్దు. సర్దుకోదు. అంచు లేచిన మ్యాట్ ఇంట్లో పెద్దవాళ్ల కాలికి అడ్డం పడుతుంది.

జారడం గురించి ఒక్క క్షణం కూడా ఉదాసీనత పనికిరాదు. నూలు మ్యాట్ అయినా గ్రానైట్, టైల్స్ మీద జారుతుంది. మ్యాట్ అడుగున జిగురు గీతలు పూయడం, రబ్బరు షీటు అంటించడం చాలామంది చేస్తారు. అవి ఉతుకులకు ఊడిపోతాయి, పైగా అడుగు నుంచి గాలి ఆడక మ్యాట్ ఆరదు. తివాచీల కింద పరిచే రబ్బరు వల షీటు కొని, మ్యాట్ కన్నా రెండు వేళ్లు చిన్నగా కత్తిరించి, విడిగా కింద పరచండి. మ్యాట్ ఉతుకుడుకు పోతుంది, వల అక్కడే ఉంటుంది. మెట్ల పైమెట్టు దగ్గర మాత్రం ఏ మ్యాటూ వేయకపోవడమే మంచిది. అలాగే అల్లడానికి ముందే తలుపు కింద సందు కొలవండి. పీలికల మ్యాట్ సెంటీమీటరుకు తగ్గకుండా మందం ఉంటుంది. తలుపు లోపలికి తెరుచుకునే చోట ఆ సందు చాలకపోతే తెరిచినప్పుడల్లా మ్యాట్ ముడత పడుతుంది. అలాంటి చోటికి చీర పీలికలను అంగుళమున్నర వెడల్పే చింపి, పలచగా అల్లుకోవాలి.

కొసలు దాచడం చాలామందికి విసుగు పుట్టించే పని. కానీ ఉతుకులో మొదట ఊడేది అక్కడే. ప్రతి కొసా కనీసం 10 సెంటీమీటర్లు వదిలి, కుట్ల మధ్య ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి దూర్చి, చివర మామూలు సూదీ దారంతో రెండు కుట్లు వేయాలి.

ఉతకడానికి ముందు మ్యాట్‌ను బయట గోడకు గట్టిగా దులపండి. దుమ్ముతో నానబెడితే అది బురదై కుట్ల లోపలికి దిగుతుంది. బాత్రూం మ్యాట్ వారానికొకసారి, మిగతావి రెండు వారాలకొకసారి ఉతకాలి. నూలు మ్యాట్ తడిస్తే చాలా బరువెక్కుతుంది. వాషింగ్ మెషీన్లో ఒక్కటే వేస్తే పిండేటప్పుడు డ్రమ్ము ఊగిపోతుంది. పాత దిండు గలీబులో పెట్టి, తోడుగా తువ్వాళ్లో రెండో మ్యాటో వేయండి. బట్టలు మెత్తబడడానికి పోసే ద్రవం దీనికి వాడవద్దు, గుడ్డ నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది. బ్లీచింగ్ ద్రవం నూలును చివికిస్తుంది. దండెం మీద ఒక కొసన క్లిప్పు పెట్టి వేలాడదీస్తే నీళ్ల బరువుకు అల్లిక సాగుతుంది. పిట్టగోడ మీదో, పక్కపక్కన ఉన్న రెండు దండేల మీదో పరిచి, చేత్తో నాలుగు మూలలూ సరిచేసి, మధ్యాహ్నం తిరగేయండి. వానాకాలంలో ఇంత మందం మ్యాట్ ఒక్క రోజులో ఆరదు. అందుకే గుమ్మానికి రెండు మ్యాట్లుండాలి. ఒక మందపాటి మ్యాట్ కన్నా రెండు పలచటివి మేలు అని నేను మొదటినుంచీ అనుకునేది అందుకే. అపార్ట్‌మెంట్లలో బాల్కనీ ఒక్కటే దిక్కైన వారికి ఇది మరీ అవసరం.

రోజంతా కీబోర్డు మీద పనిచేసి వచ్చిన మణికట్టుకు ఈ పని తేలిక కాదు. లావు పీలికను లాగడంలో బొటనవేలి మొదలు నొప్పి పుడుతుంది. అరగంటకొకసారి ఆపి చేతులు విదిలించుకోండి. మ్యాట్ పెరిగేకొద్దీ దాని బరువు చేతి మీద కాక ఒడిలోనో బల్ల మీదో ఉండాలి. నొప్పి రాత్రిదాకా తగ్గకపోతే రెండు రోజులు మానేయండి, మ్యాట్ ఎక్కడికీ పోదు. కోత, ఉండలు చుట్టడం ఆదివారం పెట్టుకుని, అల్లిక పని దినాల్లో చేసుకుంటే కుదురుగా సాగుతుంది. బస్సులోనో రైల్లోనో అల్లుకునేవారు 15 సెంటీమీటర్ల చదరాలు విడివిడిగా అల్లి, తర్వాత కలుపుకోవచ్చు. 60కి 45 మ్యాట్‌కు పన్నెండు చదరాలు సరిపోతాయి. కలిపేటప్పుడు సన్నదారంతో కుట్టకుండా అదే పీలికతో సింగిల్ క్రోషె వేసి కలపాలి. లేకపోతే ఉతుకులో ముందు ఆ అతుకులే విడతాయి.

ఇప్పుడు డబ్బు మాట. చెయ్యి తిరిగినవారికి 60కి 40 మ్యాట్‌కు కోత, ఉండలు చుట్టడం గంటన్నర, అల్లిక ఐదు గంటలు, కొసలు దాచి ఉతికి ఆరేయడం అరగంట అనుకుందాం. మొత్తం ఏడు గంటలు. గంటకు 60 రూపాయలు వేసుకున్నా, అంటే ఎనిమిది గంటల రోజుకు 480 రూపాయల లెక్కన, కూలి 420 అయింది. గుడ్డ, వల షీటు, సూది అరుగుదల కలిపి 150 అనుకుంటే 570 రూపాయలు. మిషను మీద నేసిన మ్యాట్ దీనికన్నా ఎంతో తక్కువకు దొరుకుతుంది. దానితో ధరలో పోటీ పడాలని చూస్తే మీ కూలి మీరే కోసుకున్నట్టు.

ఈ లెక్క ఎందుకింత పట్టుగా చెబుతున్నానంటే, తెలుగు నేల మీదే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా క్రోషె లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని విదేశాలకు ఎగుమతయ్యే పరిశ్రమగా ఎదిగింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి లేసు కార్మికుల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం తెచ్చారు. రోజులో ఎన్నో గంటలు అల్లుతున్నా, వాళ్లను ఇంట్లో ఊరికే కూర్చునే గృహిణులుగానూ, వాళ్ల పనిని తీరిక వేళల కాలక్షేపంగానూ చూశారనీ, కూలి అంత తక్కువగా ఉండిపోవడానికి ఆ చూపే దోహదం చేసిందనీ ఆమె చూపించారు. ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేసిన చేతులకు కార్మికులన్న పేరు కూడా దక్కలేదు. మ్యాట్ అల్లి పక్కింటివారికి ఇచ్చే మనకూ అదే మాట ఎదురవుతుంది: సాయంత్రం ఖాళీయేగా, ఒకటి అల్లిపెట్టకూడదా అని.

క్రోషె అల్లికకు సరైన యంత్రం ఇప్పటికీ మార్కెట్లోకి రాలేదు. దుకాణాల్లో క్రోషెలా కనిపించే మిషను గుడ్డ నిజానికి వేరే రకం అల్లిక. నిజమైన క్రోషె కుట్టు ప్రతిదీ ఎవరో ఒకరి చేతిలోంచి వచ్చిందే. కొనేవారికి ఈ సంగతి చెప్పండి. మిషను మ్యాట్ ఇవ్వలేనిది ఏది ఇవ్వగలరో అదే అమ్మండి: వాళ్ల గుమ్మం కొలతకు సరిపోయేది, వాళ్ల అమ్మగారి పాత చీరలతో అల్లినది, పాడైతే మీరే బాగుచేసి ఇచ్చేది. గుడ్డ వాళ్లే తెచ్చుకుంటే కూలి మాత్రం తీసుకోండి, కానీ చింపి ఉండలు చుట్టిన గంటలు అందులో కలపండి. ప్రతి మ్యాట్‌తో ఒక చీటీ ఇవ్వండి: ఏ గుడ్డతో అల్లారు, మొదటి రెండుసార్లు విడిగా ఉతకాలా, ఎలా ఆరేయాలి. డ్వాక్రా సంఘాల్లో ఉన్నవారు సరస్ మేళాల్లో స్టాలు అడగవచ్చు. ప్రభుత్వ ఉద్యోగులు మాత్రం తమ పేరున అమ్మకాలు మొదలుపెట్టే ముందు ప్రవర్తనా నియమాలు చూసుకుని అనుమతి తీసుకోవాలి. ప్రైవేటు ఉద్యోగులు నియామక పత్రంలో వేరే ఆదాయం గురించి ఏమి రాసి ఉందో ఒకసారి చదువుకోవాలి.

ఆర్డర్లు తీసుకునే ముందు ఒక మ్యాట్ మీ బాత్రూం ముందే వేసి, నెలరోజులు తొక్కి, ఉతికి, మళ్లీ కొలవండి. కొలత మారకపోతే, కొస ఒక్కటీ బయటికి రాకపోతే, అప్పుడు ధర చెప్పడానికి మొహమాటపడాల్సిన పని లేదు. బంధువులైనా సరే, ఇంటి పక్కవారైనా సరే, ఎన్ని గంటలు పట్టిందో చెప్పి, ఆ గంటలకు కూలి కలిపిన ధరే అడగండి.